వంకాయ ముళ్ళ లెక్క

మా గల్లీల ఎవరన్న నా ఉద్యోగం గురించి అడిగితే అమ్మ ఒక్కటే ముక్క చెప్తది: "కంప్యూటర్ల వంకాయలు చూస్తది." మన్సూరాబాద్‌ల ఇంజినీర్ల తల్లులు, బ్యాంకోళ్ళ తల్లుల నడుమ నిలబడి ఆమె గట్ల అంటుంటే నాకు తల కొట్టేసినట్టయ్యేది. అబద్ధమైతే కాదు. వంకాయ తొడిమకు ముళ్ళు ఎందుకుంటయి, కొన్ని రకాలకు ఎందుకుండవు, ఆ సంగతి చెట్టు జన్యువులల్ల ఏడ ఉన్నదని వెతుకుడు నా పని.

"ముళ్ళు లేని వంకాయ ఎవలు అడిగిండ్రే నిన్ను?" అని అమ్మ సతాయిస్తది. "ముల్లు గుచ్చుకుంటెనే తాజా కాయ. గది గూడ తీసేస్తే నేను బండి కాడ ఏం చూసి కొనాలె?" కాయలు తెంపేటోళ్ళ చేతులు గీరుకపోతయని చెప్పిన. "నువ్వెన్నడన్న తెంపినవా?" అన్నది. తెంపలే. అసలు మా ఆఫీసు వంగతోట మొఖమే చూడలే. ఎల్‌బీ నగర్ల బస్సెక్కితే గంట దూరం, పైంగ ఎండ. నాకు ల్యాప్‌టాప్ ఉండంగ తోటతోని ఏం పని అనుకునేదాన్ని.

పని తీరు గిట్లుంటది. తోటల వందల రకాల వంగచెట్లు సాళ్ళు సాళ్ళుగ పెట్టిండ్రు. ఒక్కో రకం జన్యువులను ల్యాబోళ్ళు చదివి అక్షరాల వరుసగ నాకు పంపుతరు. ఒక్కో రకానికి ఎన్ని ముళ్ళున్నయో తోటల పనిచేసే ఒకామె లెక్కవెట్టి నోటుబుక్కుల రాస్తది. ఈ రెండింటిని పక్కపక్కన పెడితే, ముళ్ళతోని జత కుదిరే అక్షరం ఏదో ప్రోగ్రాం వెతుకుతది. దొరికితే తెర మీద చుక్కలు ఒక్క తాన నిటారుగ లేస్తయి. దొరకకుంటే అన్నీ కింద పరుచుకొని పండుకుంటయి. నావి పన్నయి. ఎన్ని సార్లు నడిపినా, ఏ లెక్క మార్చినా లేవలే.

పదిహేను దినాలు పరేషాన్ అయి, ఆఖరికి తప్పు ఎవరిదో తేల్చిన. నాది కాదు. ప్రోగ్రాంది అసలే కాదు. ఇంక మిగిలింది తోటల లెక్కవెట్టే ఆమె. మా అమ్మ వయసుంటది, ఐదో తరగతితోని బడి బందు, మొగడు లేడు, ఆ కూలితోనే ఇల్లు నడుస్తదని మా సారు ఒకపారి చెప్పి ఉండె. అన్నీ తెలిసే సారుకు ఫోన్ చేసి చెప్పిన: "సార్, ఆమె సరిగ్గ లెక్కవెట్టినట్టు లేదు."

సారుది గుంటూరు వైపు, మెత్తటి మాట. "అలాగా అమ్మా. అయితే ఆవిడని మార్చేద్దాం. సోమవారం నుంచి రావొద్దని మేస్త్రీకి చెప్తాను" అన్నడు. ఫోన్ పెట్టినంక నా పాణం నిమ్మలమైంది. ఆ సంగతి రాయనీకి ఇప్పుడు సిగ్గైతుంది గాని, ఆ దినం మాత్రం ఛాయ్ తాగి కమ్మగ పన్న.

ఆదివారం పొద్దున మా బాపు దుకాణానికి తయారైతున్నడు. పోచంపల్లి దిక్కు ఊర్ల ముప్పై ఏండ్లు మగ్గం నేసిన మనిషి, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ల ఒక చీరల షాపుల కౌంటర్ కాడ చీరలు పరిచి చూపిస్తడు. "ఏమైందే మీ వంకాయలకు?" అని అడిగిండు. నోటుబుక్కు ఫొటోలు ముంగట పెట్టి ఆమె మీద చెప్పుకున్న. ఒక్కో సాలుకు ఒక్కో గీత, గీత నిండ వరుసగ చెట్టుకొక అంకె. బాపు కండ్లద్దాలు పెట్టుకొని చూసిండు.

"అంకెలు ముత్యాల లెక్క రాసింది. గింత సక్కగ రాసేటామె తప్పు లెక్కవెడ్తదా?" అన్నడు. "సరే గాని, రెండో సాలు ఏ దిక్కునుంచి మొదలువెట్టింది?"

"ఎడమదిక్కు నుంచే. అన్నీ ఎడమనుంచే ఎక్కించిన నేను."

"నువ్వు ఎక్కించినవ్ సరే. ఆమె ఎట్ల నడిచింది? మొదటి సాలు అయ్యేసరికి కుడి కొసకు ఉంటది. మళ్ళ ఎడమకు ఉత్తగ నడిచొస్తదా ఎండల? మగ్గం మీద నూలు మోసే నాడె కుడికి పోయిందంటే కుడినుంచే తిరిగొస్తది. ఎడమకు దుంకి మళ్ళ మొదలువెట్టదు బిడ్డా." అని చెప్పులేసుకొని మెట్రోకు పోయిండు.

ల్యాప్‌టాప్ తెరిచిన. రెండో సాలు తిరగేసిన, నాలుగోది, ఆరోది, అట్ల సరిసంఖ్య సాళ్ళన్నీ తిరగేసిన. ప్రోగ్రాం నడిపిన. చుక్కలు ఒక్క తాన లేచి నిలబడ్డయి, కండ్లార్పకుంట చూసిన. మస్తు సంబురమైంది. ఇన్ని దినాలు సగం చెట్లకు వేరే చెట్ల ముళ్ళు అంటగట్టి, పైంగ చుక్కలు లేస్తలేవని ఏడ్చిన తెలివి నాది.

బొమ్మ సారుకు పంపిన. "సూపర్!" అని వచ్చింది. ఆమె సంగతి రాద్దామని మొదలువెట్టి, తుడిచేసిన. మళ్ళ రాసిన, మళ్ళ తుడిచిన. ఆఖరికి "థాంక్యూ సార్" అని పంపిన. పొద్దుగూకినంక బాపు ఇంటికొచ్చి, చుక్కలు లేచినయని చెప్తే మురిసిండు. అటెనుక, "మరి ఆమె పని?" అన్నడు. నేను పల్లెం దిక్కు చూసుకుంట తిన్న.

సోమవారం పొద్దుగాల ఎల్‌బీ నగర్ల బస్సెక్కిన. తోట గేటు కాడ రేకుల షెడ్డు కింద ఒకామె టిఫిన్ డబ్బా ఒడిల పెట్టుకొని కూసున్నది. రావొద్దని మేస్త్రీ అప్పుడే చెప్పిండట. సారు వస్తే ఒక్కమాట అడిగి పోదామని ఆగిందట. ముళ్ళు గీరిన చేతులు చూస్తేనే తెలిసింది ఎవరో. నేను ఫలానా అని చెప్పిన. అన్నీ చెప్పిన, సాళ్ళు, తిరగేసుడు, నా ఫోన్.

ఆమె తిట్టలే. "ముందుగాల నన్నడిగితే అయిపోతుండె గద బిడ్డా" అన్నది.

"నాకు యాదికి రాలే పెద్దమ్మా."

"సారుకు చెప్పినవా?"

"చెప్త."

"ఇప్పుడు చెప్పు. నా ముంగట."

ఫోన్ కలిపి స్పీకర్ ఆన్ చేసిన. "సార్, గుడ్ మార్నింగ్. యాక్చువల్లీ డేటా ఎంట్రీలో ఒక స్మాల్ ఆర్డరింగ్ ఇష్యూ వచ్చింది సార్, ఫీల్డ్ సైడ్ ఏం ప్రాబ్లం లేదు, ఇట్ గాట్ రిసాల్వ్డ్..."

ఆమె నా మోచెయ్యి పట్టుకున్నది. "తెలుగుల చెప్పు బిడ్డా."

గేటు కాడ నిలబడ్డ మేస్త్రీ ఇటే చూస్తుండు.

"సార్, తప్పు నాది" అన్న. "పెద్దమ్మ ఒక్క ముల్లు గూడ తప్పు లెక్కవెట్టలే."