అత్తకి పడని మందు

"అమ్మ పోయిందే," అన్నాడు బావ ఫోన్లో. మళ్ళీ తనే, "వేలికి చేప ముల్లు గుచ్చుకుంది. అంతే," అన్నాడు. మా ఇంటి ఎదురుగా మిల్లు చప్పుడు. సరిగా వినలేదేమోనని రెండోసారి అడిగాను. ముల్లు గుచ్చుకుంటే మనిషి పోవడం ఏంటి? మండపేట నుంచి నరసాపురం చేరేదాకా అదే ప్రశ్న. ఇంటికి వెళ్ళాక తెలిసింది. వేలు వాచి జ్వరం వస్తే ఆసుపత్రిలో సూది వేశారు. ఆ సూది పెన్సిలిన్.

చదివే మీకు అది ఉత్త మందు పేరు. మా ఇంట్లో అది శత్రువు పేరు. అత్త మా నాన్నకి అక్క. బావ పుట్టినప్పుడు ఆ సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోయి, చచ్చి బతికిందట. ఇక జన్మలో ఎవరు సూది పట్టుకున్నా ముందు ఈ సంగతి చెప్పాలన్నాడు అప్పటి డాక్టరు. అత్త ఆ మాటను అవసరానికి మించి పాటించింది. పంటు ఎక్కి గోదావరి దాటుతుంటే పక్కన నిలబడ్డావిడకీ చెప్పేది. బావకి పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళకి కాఫీతో పాటు ఈ సంగతీ అందించింది. పిల్లలమంతా చాటుగా ఆమెను పెన్సిలిన్ అత్త అనేవాళ్ళం. మాలో ఎవరికి జ్వరం వచ్చినా సూదిలో ఏముందో కనుక్కోకుండా ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ కాపలాలో పెరిగినవాళ్ళం మేం.

"అందరికీ ఎందుకత్తా?" అని ఒకసారి విసుక్కున్నాను. లేసు అల్లుతున్న చెయ్యి ఆపకుండానే, "నేను తెలివితప్పి పడిపోతే చెప్పేదెవరే? ఎవరో ఒకరికి తెలిసుండాలి కదా," అంది.

తర్వాత మేమంతా చూపించుకునే ఆసుపత్రిలో పెద్ద డాక్టరు గారు కంప్యూటరు పెట్టించారు. అత్త పేరు కొట్టగానే పైన ఎర్రటి అక్షరాలు వచ్చేవి. ఆయన తెర ఆమె వైపు తిప్పి చూపించారట. "ఇదిగోండి, మీ సంగతి దీనికి చెప్పేశాను. ఇంక మీరు చెప్పక్కర్లేదండి." అది ఉత్త మాట కూడా కాదు. ఆయన ఊళ్ళో లేనప్పుడు వచ్చిన డాక్టరొకాయన అత్త గొంతునొప్పికి ఆ జాతి మందే కొడితే, కంప్యూటరు చీటీ ఇవ్వనని మొరాయించింది. ఆ రోజు దాని వల్లే అత్త మాకు దక్కింది. అబద్ధమెందుకు, నేనూ దానికి దణ్ణం పెట్టుకున్నాను.

అప్పటి నుంచి అత్త చెప్పడం మానేసింది. పంటు మీద కూడా నీళ్ళు చూస్తూ ఊరికే నిలబడేది. మనిషి తేలికపడింది.

పెద్ద డాక్టరు గారు వయసు మీదపడి ఆసుపత్రి వేరేవాళ్ళకి ఇచ్చేశారు. వాళ్ళు కొత్త కంప్యూటర్లు పెట్టారు. పాతదాంట్లోంచి పేర్లు వచ్చాయి, వయసులు వచ్చాయి. పడని మందుల సంగతి రాలేదు. ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. ఎవరూ ఏమీ రాయలేదని దాని అర్థం. చూసేవాళ్ళకి మాత్రం ఏమీ లేవన్నట్టు కనిపిస్తుంది.

కర్మ అయిన మర్నాడు అక్కడికి వెళ్ళాను. కొట్లాడదామనే వెళ్ళాను. కౌంటరు దగ్గరి అమ్మాయిని చూశాక నోట్లోంచి ఒకటే మాట వచ్చింది. "ఇప్పుడైనా రాయమ్మా, ఆవిడకి పెన్సిలిన్ పడదని."

ఆ అమ్మాయి ఏవో మీటలు నొక్కింది. "పేషెంటు లేరు కదండి. ఫైలు క్లోజ్ అయిపోయింది మేడం, ఇంక ఎక్కదండి."

బతిమాలాను. రాసినా ఎవరికి పనికొస్తుందో నాకే తెలియదు. అయినా బతిమాలాను. వాళ్ళు రాయలేదు కాబట్టి మీకు చెబుతున్నాను. మా అత్తకి పెన్సిలిన్ పడదు.

మెట్లు దిగుతుంటే ఒక నర్సు వెనకాలే వచ్చింది. ఆ సూది వేసింది తనేనని చెప్పి, తిట్టమన్నట్టు నిలబడింది.

"డాక్టరు గారు అడిగారండి, మందులేవైనా పడవా అమ్మా అని. ఆవిడ నవ్వి, అందులో ఉందండి చూసుకోండి అన్నారు. ఆయన చూశారు. ఏమీ లేదు. చూశానమ్మా, పర్లేదు అన్నారు. ముందు కొంచెం వేసి చూసే టెస్టు కూడా అందుకే చెయ్యలేదండి."

ఇంకో మెట్టు దిగి నా పక్కకి వచ్చింది.

"నేను దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడే గాజులు పైకి తోసుకుని చెయ్యి చాపారండి," అంది. చెబుతూ తన చెయ్యి నా ముందుకు చాపింది. వెనక్కి తీసుకోవడం మరిచిపోయి, అలాగే నిలబడిపోయింది.