ఎర్రదారం కట్టిన వాకుడుకాయలు

టాటానగర్ భాలుబాసాలో మా ఇంటి వెనక గోడ పక్కన వాకుడు చెట్టు ఉండేది. నడుమెత్తు పొద. ఆకులకీ కొమ్మలకీ ముళ్లే. ఊదా పువ్వులు, గోళీలంత చేదుకాయలు. శ్రీకాకుళం వైపు మా ఊరి నుంచి మా అమ్మ చీరముక్కలో మూటగట్టి పంపిన విత్తనాల సంతానం అది. అమ్మ పోయింది, అక్కడి చెట్టూ పోయింది. మిగిలింది నా దగ్గరిదే. వీధిలో ఎవరికి దగ్గు పట్టినా, బిహారీలైనా ఒడియా వాళ్లైనా, కషాయానికి నా గుమ్మం ముందుకే వచ్చేవారు. ఆ గొప్ప నాకు బాగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు?

మా ఇంట్లో ఒక పద్ధతి. విత్తనానికి వదిలిన కాయల తొడిమలకి ఎర్రదారం కడతాం. అవి పండి పసుపెక్కేదాకా ఎవరూ ముట్టకూడదు. నిరుడు ఆ గోడ పడేలా ఉందని కొత్తది కట్టడానికి మేస్త్రీని మాట్లాడాం. పునాది తవ్వితే చెట్టు పోతుంది. ఆదివారం వస్తానన్నాడు. దారం కాయలు ఎలాగూ పండాయి, శనివారం కోసుకోవచ్చులే అని నిశ్చింతగా ఉన్నాను.

శుక్రవారం టాటానగర్ స్టేషన్లో మా చెల్లెల్ని రైలెక్కించి వచ్చేసరికి చెట్టు లేదు. మేస్త్రీ రెండు రోజులు ముందే దిగి, పొదని మొదలంటా పెరికి వీధిలో పడేశాడు. వంటింట్లో వాకుడుకాయల పులుసు ఉడుకుతోంది. చెత్తబుట్టలో ఎర్రదారాలు.

"మా అమ్మ ఇత్తనాలు పులుసులో ఏసీసినావేటే?"

కోడలి మీద విరుచుకుపడ్డాను. ఇక్కడే సాక్చి పేటలో పుట్టి పెరిగి, తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్లకి ఇల్లొదిలి వెళ్లడం నాదే బుద్ధి తక్కువని నోటికొచ్చినట్టు అన్నాను. అంటూనే ఏడ్చేశాను.

అది పొయ్యి కట్టేసి, నా చెయ్యి పట్టుకుని డాబా మీదకి తీసుకెళ్లింది. పాత చీరముక్క మీద, సందు చివరి టీకొట్టు నుంచి తెచ్చిన బూడిద పట్టించి, గింజలు ఆరబోసి ఉన్నాయి. దాని మోచేతుల దాకా ముళ్ల గీతలు.

"దారం కట్టినవి ఒండకూడదని మీరే చెప్పేరు కదా అత్తమ్మా. పులుసులోవి కచ్చా కాయలే."

దాని చేతులకి కొబ్బరినూనె రాశాను. ఆ పూట పులుసు బాగా చేదొచ్చింది, అయినా రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఇప్పుడు కొత్త గోడ పక్కన మూడు పొదలున్నాయి. దగ్గుతో ఎవరైనా వచ్చి నన్ను పిలిస్తే, కుర్చీలోంచి కదలను. మా కోడల్ని అడగండి, చెట్లు దానివి అంటాను.