సిరకోలా జనాభా పెరిగిన వైనం

సికాసో పట్నం వైపు పత్తిచేల నడుమ సిరకోలా అని ఓ గూడెం. మండలాఫీసు లెక్కలవాళ్ల మోటారుసైకిలు చప్పుడైతే చాలు, అక్కడి జనం పొదల్లో దూరేవాళ్లు. తలపన్ను భయం మరి. గూడెం పెద్ద త్యేమోకో ఒక్కడే దిగులుగా కూర్చుని, "మిగిలింది మేం నలుగురు ముసలాళ్లమే దొరా," అని నిట్టూర్చేవాడు. గుడిసెలో పసిబిడ్డ ఏడిస్తే మేకపిల్ల అనేవాడు. ఆ తెలివికి గూడెమంతా మురిసిపోయేది.

అలా ఉండగా, జనం ఎక్కువున్న ఊళ్లకే బోరింగు వేస్తామని కబురొచ్చింది. ఆఫీసు పుస్తకంలో సిరకోలాకి ఉన్నది నలుగురు ముసలాళ్లే.

అతని తమ్ముడి పెళ్లాం నియెలే జొన్నబీరు కాచి అమ్మేది. నీళ్ల కోసం బురదగుంటకు తిరిగి తిరిగి నడుం పడిపోయిన మనిషి.

"బావగారూ, ఈసారి పొదల్లోంచి అందర్నీ బయటికి రమ్మనండి," అంది.

"వచ్చినా చాలరే. ఇన్నాళ్లూ దాక్కోబట్టి తక్కువ కనబడ్డామనుకున్నాగానీ, నిజంగానే తక్కువున్నాం."

నియెలే పుట్టిల్లు ఫారాబుగు, వాగుకి అవతల. లెక్కల రోజుకి పెద్ద బానల్లో బీరు కాచి పుట్టింటి వాళ్లందర్నీ పిలిచింది. ఉచితమంటే రాని చుట్టం ఉంటాడా? కుంటివాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు. లెక్కలాయన అందర్నీ సిరకోలా వాళ్లుగానే రాసుకున్నాడు, ఆయనా రెండు సొరబుర్రల బీరు తాగాడు. మర్నాడు ఫారాబుగు వెళ్తే అక్కడ ఓ గుడ్డి తాతా, మేకలూ కనిపించాయి. జనమంతా ఇంకా నియెలే పంచలో గుర్రు పెడుతున్నారు.

సిరకోలాకి బోరింగు పడింది. లెక్కల్లోంచి ఫారాబుగు పేరే కొట్టేశారు.

నియెలే తమ్ముడు సిబిరి మండిపడుతూ వచ్చాడు. "అక్కా, తాగించి తాగించి ఊరినే మింగేశావు కదే!"

"నేను ముంత ఇచ్చాన్రా. ఊరు తాగింది మీరే."

"సరే, ఆఫీసువాళ్లు మమ్మల్ని ఇక్కడి మనుషులన్నారుగా. ఇక్కడే ఉంటాం."

చెప్పినట్టే కోళ్లూ, రోళ్లూ మోసుకుని దిగిపోయారు. త్యేమోకో లబోదిబోమంటూ, వియ్యాలవారు ఒకర్నొకరు ఆడిపోసుకునే తాతలనాటి వెక్కిరింత అందుకున్నాడు. "బొబ్బర్లు మేసే జాతి! నా పొలంలో గుడిసెలా?"

"బొబ్బర్లు నువ్వు వదిలితేగా మాకు మిగిలేది, పెద్దాయనా! మేమేమన్నా మేకలమా, మనుషులం కాదని ఆఫీసువాళ్లకి చెప్పడానికి?" అన్నాడు సిబిరి.

వీళ్లు ఇక్కడివాళ్లు కాదంటే లెక్క తప్పని ఒప్పుకోవాలి, బోరింగు ఊడబెరుక్కుపోతారు. త్యేమోకో పళ్లు నూరుకుంటూ వాగువైపు చెలక చూపించాడు.

పెళ్లినాడు పుట్టింటిని వదల్లేక దారిపొడుగునా ఏడ్చిన నియెలేకి, ఇప్పుడు పుట్టిల్లు గుమ్మంలోనే ఉంది. మరదలు, సిబిరి పెళ్లాం వస్సా రోజూ బోరింగు దగ్గర ఆమెకన్నా ముందే బిందెలు పెడుతుంది. మొన్న ఎదురుగానే బీరంగడి కూడా తెరిచింది. నియెలే కడుపు మండిపోయి వెళ్లింది, ఓ బుర్ర తాగింది. బాగుంది, ఖర్మ. ఖాళీ బుర్ర చాచి ఇంకోటి పోయమంది.