బిల్లు లేకుండా కొన్న సీటు

తాడేపల్లిగూడెంలో డిగ్రీ సీటును బిల్లు లేకుండా కొన్న మొదటి మనిషిని బహుశా నేనే. నలభై అయిదు వేలు చెప్పిన ఏడాది ఫీజును ముప్పై మూడు వేలకు దింపాను. అదీ పావుగంటలో, వాళ్లు ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టకుండా. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. ఆ పావుగంట గురించి ఏలూరులో మా బజారంతా వారం రోజులు చెప్పుకుంది. అందులో సగం మందికి నేనే చెప్పాను.

మాది స్టీలు సామాన్ల కొట్టు. ఎనిమిదో తరగతి నుంచీ బడి వదలగానే నాన్న పక్కన గల్లా దగ్గర కూర్చునేదాన్ని. కొనేవాడు ధర నచ్చక మెట్టు దిగితే రెండో అడుగు వేశాక పిలవాలి, మూడో అడుగు దాకా ఆగితే పక్క కొట్టువాడు పిలుస్తాడు. ఇలాంటివి నాకు ఎక్కాలకంటే బాగా వచ్చాయి. బిల్లుతో ఒక ధర, బిల్లు లేకుండా ఒక ధర అన్నది కూడా అలాగే వచ్చింది. అది తప్పని పెద్దయ్యాక తెలిసింది. అప్పటికి అది నాకు కూడికా తీసివేతా లాంటిదే.

చదువు మీద నాకు ఆశ పుట్టించింది కూడా ఒక బేరమే. కొల్లేటి వైపు చేపల చెరువుల వాళ్లు మేత చల్లడానికి మా దగ్గర అల్యూమినియం బేసిన్లు కొనేవారు. ఒకసారి మండవల్లి రైతు ఒకాయన ఒక్క బేసిన్ మీద ఇరవై రూపాయల కోసం నాతో అరగంట పోట్లాడాడు. మధ్యలో ఫోన్ వచ్చింది. చెరువు నీళ్లు పరీక్ష చేసే ల్యాబు నుంచి. "ఆ, ఎంతమ్మా? పంపించేస్తున్నా" అని అక్కడే నిలబడి ఫోన్‌లో డబ్బు కొట్టేశాడు.

"ఆవిడ దగ్గర బేరం ఆడరా బాబాయ్ గారూ?" అని అడిగాను.

"అక్కడ బేరమేంటమ్మా? ఆక్సిజన్ తగ్గిందని ఆ అమ్మాయి చెప్పకపోతే తెల్లారేసరికి చేపలన్నీ పైకి తేలతాయి. ఆవిడ ఎంతంటే అంత. నువ్వు మాత్రం ఆ ఇరవై తగ్గించు."

బేరం లేకుండా డబ్బులిచ్చే పని ఒకటి లోకంలో ఉందని ఆ రోజు తెలిసింది. ఏలూరు ప్రభుత్వ కాలేజీలో చేపల పెంపకం మీద డిగ్రీ ఉందని కనుక్కుని, ఇంటర్ కాగానే దరఖాస్తు పెట్టాను. మొదటి విడతలో సీటు రాలేదు. రెండో విడతకు పేరు ఉంచాను గాని, వస్తుందన్న నమ్మకం లేదు. ఏడాది పోతుందన్న భయంతో అమ్మ చీటీ పాడింది. నలభై వేల చీటీ, ఆరు వేలు వదులుకుని పాడితే ముప్పై నాలుగు వేలు చేతికొచ్చాయి. ఆ డబ్బు సంచీలో పెట్టుకుని ఇద్దరం తాడేపల్లిగూడెం ప్రైవేటు కాలేజీకి వెళ్లాం. కంప్యూటర్ల డిగ్రీలో చేరడానికి.

అడ్మిషన్లు చూసే గుమాస్తా గారు నెమ్మదస్తుడు. నలభై అయిదు అన్నాడు. నేను ముప్పై అన్నాను. ఆయన నలభైకి దిగి ఆగిపోయాడు. అప్పుడు వేశాను నా బ్రహ్మాస్త్రం.

"బిల్లు లేకుండా అయితే ఎంతకిస్తారండీ?"

ఆయన పెన్ను కింద పెట్టి అమ్మ వైపు చూశాడు. "మీ అమ్మాయేనాండీ?"

"మా అమ్మాయేనండీ" అంది అమ్మ, క్షమించమన్నట్టుగా.

ఆయన లోపలికి వెళ్లొచ్చి, పదిహేను వేలకు రసీదు ఇస్తానని, మిగతా పద్దెనిమిది వేలకు ఏ కాగితమూ ఉండదని చెప్పాడు. నోట్లు లెక్కపెట్టుకున్నాడు. పదో తరగతి, ఇంటర్, టీసీ ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టాడు. పన్నెండు వేలు మిగిల్చానని ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్క సీటు కోసం కూడా బేరం ఆడేంత ఉత్సాహంలో ఉన్నాను.

మూడు వారాలు చదివాను. కంప్యూటర్ల గదిలో కంప్యూటర్లు ఉన్నాయి, కరెంటు బోర్డు కూడా ఉంది, రెండింటికీ పరిచయం కాలేదు. ఒకే మాస్టారు మూడు సబ్జెక్టులు చెప్పేవారు. ఏ సబ్జెక్టో ఆయన కూర్చున్న కుర్చీని బట్టి తెలిసేది. నాలుగో బుధవారం పొద్దున రైల్లో ఉండగా ఫోన్‌కు సందేశం వచ్చింది. రెండో విడతలో ఏలూరు సీటు నాకే. శనివారం సాయంత్రం అయిదు లోపు ఒరిజినల్ సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి, లేకపోతే సీటు ఇంకొకరికి. ఆ సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం గుమాస్తా గారి నడుముకు ఉంది.

ఆ రోజంతా ఆయన సెలవు. గురువారం దొరికాడు. మానేస్తానని చెప్పాను.

"మానేయొచ్చమ్మా. కాకపోతే నీ సీటు మూడేళ్లూ ఖాళీగా ఉంటుంది కదా. మిగతా రెండేళ్ల ఫీజు కట్టేసి సర్టిఫికెట్లు తీసుకెళ్లు."

"కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వరాండీ?"

"ఎంత కట్టావు?"

"ముప్పై మూడు వేలు."

"రసీదు చూపించు." నేను చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివాడు. "పదిహేను వేలనే ఉందమ్మా."

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, అంతకంటే పెద్ద పని చేశాడు.

"పోయిన నెల ఒకావిడ కారే కుక్కరు తెచ్చింది, గుర్తుందా? బిల్లేదండీ అని పంపించేసింది ఎవరు?"

"నేనే."

"ఆవిడ నిన్ను ఏం తిట్టుకుంటూ వెళ్లిందో ఇప్పుడు నువ్వు తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా అవే తిట్టుకున్నావా, లేక కొత్తవి ఏవన్నా దొరికాయా?"

అమ్మ వంటింట్లోకి వెళ్లింది. చీటీ పుస్తకం తీసి ఇంకా ఎన్ని నెలలు కట్టాలో చూసుకుని, మళ్లీ బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. నాన్న మాటకంటే ఆ పుస్తకం పెట్టిన చప్పుడు ఎక్కువ తగిలింది.

ఆ సాయంత్రమే గుండుగొలను నుంచి ఒక కుటుంబం పెళ్లికని కొన్న బిందె వెనక్కి తెచ్చింది. మా వైపు పెళ్లికి ఇచ్చే సామాను మీద ఇచ్చినవాళ్ల పేరు చెక్కిస్తారు. పేరు పడ్డాక ఆ సామాను ఏ కొట్టువాడూ తీసుకోడు, ఒకరి పేరున్న బిందెను ఇంకొకరికి ఎలా అమ్ముతాడు? నాన్న బిందెను చుట్టూ తిప్పి చూశాడు. "పేరు కొట్టించలేదు కదాండీ, అయితే ఇబ్బంది లేదు" అని డబ్బు తిరిగి ఇచ్చేశాడు.

ఆ బిందె చూస్తుంటే నాకు కాలేజీ గుర్తొచ్చింది. అక్కడ నోటీసు బోర్డు మీద మా పేర్ల జాబితా వేలాడుతోంది. తప్పులుంటే దిద్దుకోండి, సోమవారం యూనివర్సిటీకి పంపుతాం అని కింద రాసి ఉంది. అంటే నా పేరు ఇంకా పడలేదు. నా సీటు ఇంకొకరికి అమ్మొచ్చు. మూడేళ్లు ఖాళీగా ఉండదు.

శుక్రవారం పొద్దున్నే అప్లికేషన్ రెండు కాపీలు రాసుకుని వెళ్లాను. "నా పేరు ఇంకా పైకి పంపలేదు కదాండీ సార్. ఇది తీసుకుని, తీసుకున్నట్టు నా కాపీ మీద స్టాంపు వేయండి."

గుమాస్తా గారు నవ్వాడు. "ఇప్పుడు గుర్తొచ్చిందా అమ్మా, రసీదు?"

స్టాంపు వేసేదాకా వెళ్లనని చెప్పి కౌంటర్ ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను. కావాలని ఎంచుకున్న చోటేమీ కాదు, ఇంకో బెంచీ లేదు. కానీ కూర్చున్న అరగంటకే దాని విలువ అర్థమైంది. అది మిగిలిన సీట్లకు చేరే రోజులు. ఊళ్ల నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు వస్తున్నారు. అందరూ ముందు నా పక్కనే కూర్చుంటున్నారు.

"ఏవమ్మా, ఇక్కడే చదువుతున్నావా? బాగుంటుందాండీ కాలేజీ?" అని ఒకావిడ అడిగింది. పద్దెనిమిదేళ్ల పిల్లను అండీ అనడంలో ఆవిడ భయమంతా ఉంది.

"సీటు మానుకుంటున్నానండీ. సర్టిఫికెట్లు ఇస్తే వెళ్లిపోతాను."

అంతే. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. కంప్యూటర్ల గది సంగతి నోటిదాకా వచ్చినా మింగేశాను. మధ్యాహ్నానికి నాలుగు కుటుంబాలు లేచి, గేటు దగ్గర నిలబడి మాట్లాడుకుని, మళ్లీ వస్తామని వెళ్లిపోయాయి. కొట్టు నిండా జనం ఉన్నప్పుడు వాపసుకు వచ్చిన మనిషిని అందరికంటే ముందు పంపించెయ్యాలి. ఈ మాట నాన్న నాకు చెప్పాడు, గుమాస్తా గారికి ఎవరూ చెప్పినట్టు లేదు. రెండు గంటలకు తనే కనుక్కుని నన్ను లోపలికి పిలిచాడు.

"నా బేరాలు చెడగొడుతున్నావమ్మా నువ్వు."

"నేనేం అనలేదండీ సార్."

"అనకపోవడమే కదమ్మా చిక్కు." స్టాంపు తీసి నా కాపీ మీద వేశాడు. "రేపు మీ అమ్మగారిని తీసుకురా. తేల్చేద్దాం."

శనివారం అమ్మా నేనూ పదింటికే వెళ్లాం. ఆయన పన్నెండు దాటాక పిలిచాడు. రసీదు ఉన్న పదిహేను వేలలో పదో వంతు తీసుకుని పదమూడు వేల అయిదువందలు ఇస్తామన్నాడు. అది దరఖాస్తు వెనక అచ్చేసిన నిబంధనే. సర్టిఫికెట్లు ఇచ్చేస్తామన్నాడు. మిగతా పద్దెనిమిది వేల మాట ఎత్తగానే చేతులు విప్పాడు. "ఏ పద్దెనిమిది వేలు?"

నేను గట్టిగా ఏదో అనబోతుంటే అమ్మ నా మోచేయి నొక్కింది. మాట ఆవిడే అందుకుంది.

"ఏవండీ, ఆ రోజు మీరు లెక్కపెడుతుంటే ఒక అయిదువందల నోటు మూల చిరిగిందన్నారు. నేను మార్చి ఇచ్చాను. ఆ చిరిగిన నోటు ఇంకా నా దగ్గరే ఉందండీ. ఎవరూ తీసుకోవట్లేదు. అది నా చీటీ డబ్బండీ."

దబాయింపు లేదు, ఏడుపు లేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచాడు. లోపలి గదిలోకి వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. అయిదు వేలు బల్ల మీద పెట్టాడు.

"ఆ డబ్బు నా దగ్గర లేదండీ, ఆ రోజే పైకి వెళ్లిపోయింది. అడిగితే ఇంతే ఇచ్చారు. ఇది తీసుకుని, ఇంక బాకీ ఏమీ లేదని మీ అమ్మాయి సంతకం పెట్టాలి. కాదంటే సోమవారం పెద్దాయన వస్తారు, ఆయన్నే అడగండి."

గోడ గడియారంలో రెండు కావస్తోంది. నేను పది వేలు అన్నాను. తొమ్మిది అన్నాను. ఆయన సంతకం పెట్టాల్సిన కాగితం నా ముందుకు జరిపాడు. అప్పుడు నా కాళ్లు వాటంతట అవే లేచాయి. బేరం కుదరనప్పుడు లేచి గుమ్మం వైపు నడవడం నా ఒంట్లో ఉన్న విద్య. ఒక అడుగు వేశాను. అమ్మ చేయి పట్టుకుంది.

"కూర్చోవే. ఈయన వెనక్కి పిలవడు. నీకు సీటు కావాలా, ఆయన మీద గెలుపు కావాలా?"

ఇంకో నాలుగు వేలు వచ్చేవని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంకో గంట కూర్చుని ఉంటే చాలేమో. ఆ గంట నా దగ్గర లేదు. చెప్పిన ధరకు ఒప్పుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. సంతకంలో పేరు వంకరగా పడింది. ఆయన సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ విప్పి చూపించి, కవర్లో పెట్టి నాకిచ్చాడు. "మా కాలేజీకి నీలాంటిది అడ్మిషన్ కౌంటర్లో కూర్చుంటే బాగుండేదమ్మా" అన్నాడు. ఎగతాళో మెచ్చుకోలో తెలియదు. రెండూ అయ్యుంటాయి.

రైలు ఆలస్యమని తెలిసి బస్సెక్కాం. గుండుగొలను దాటేదాకా కవరు ఒళ్లోనే పెట్టుకుని, రెండు చేతులూ దాని మీదే ఉంచాను. పక్కన అమ్మ నిద్రపోయింది. నాలుగు దాటాక ఏలూరు కాలేజీ ఆఫీసులో నిలబడ్డాను. అక్కడి ఫీజు రెండు వేల ఎనిమిది వందలు. నోరు విప్పకుండా కట్టేశాను. రసీదు ఇచ్చాక పేరు, తేదీ, అంకెలు, అక్షరాలు రెండుసార్లు చదువుకున్నాను. వెనకున్న వాళ్లు విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకున్నాను.

ఆ డిగ్రీ పూర్తయింది. ఇప్పుడు కైకలూరు దారిలో ఒక ల్యాబులో చెరువుల నీళ్లు పరీక్ష చేస్తున్నాను. మొదటి జీతం వచ్చిన నెలలో కూర్చుని ఆ మూడు వారాల చదువుకు లెక్క రాశాను. ఇదీ ఆ లెక్క.

ప్రైవేటు కాలేజీకి కట్టింది ముప్పై మూడు వేలు. వెనక్కి వచ్చింది పద్దెనిమిది వేల అయిదువందలు. పోయింది పద్నాలుగు వేల అయిదువందలు. మొత్తానికి బిల్లు తీసుకుని నలభై అయిదు వేలూ కట్టి ఉంటే పదో వంతు, అంటే నాలుగు వేల అయిదువందలే పోయేవి. అంటే పన్నెండు వేలు మిగిల్చిన నా తెలివికి పది వేలు ఎక్కువ ఖర్చయింది. ఆ పన్నెండు వేలు మా ఇంట్లో ఎప్పుడూ లేవు కాబట్టి అవి మిగిలాయని రాయడానికి కూడా లేదు.

చీటీలో వదులుకున్నది ఆరు వేలు. సీజన్ టికెట్టు, పుస్తకాలు, సంచీ కలిపి వెయ్యి. అందులో సంచీ నాలుగువందల యాభై, అది మూడేళ్లు వాడాను కనుక తీసేశాను. బస్సు చార్జీలు, జిరాక్సులు ఆరువందలు. అంతా కలిపితే ఇరవై ఒక్క వేల ఆరువందల యాభై.

అమ్మకు మూడు విడతలుగా పదిహేను వేలు ఇచ్చాను. చీటీ నష్టం నాది, నీది కాదు, అది కొట్టెయ్యమంది. కొట్టెయ్యలేదు. బాకీ ఆరు వేల ఆరువందల యాభై.