బావ ఫోటోతో లేచే కంప్యూటర్

చీపురుపల్లిలో స్టేషన్‌కి వెళ్లే దారిలో మా బావకు డీటీపీ షాపు ఉంది. పెళ్లికార్డులు, చర్చి మహాసభల బ్యానర్లు, జెరాక్సు, లామినేషన్ అన్నీ అక్కడే. నేను విజయనగరంలో ఒక స్కూల్లో కంప్యూటర్ టీచర్ని. పిల్లలకు మౌస్‌తో ఇల్లు, కొబ్బరిచెట్టు గీయడం నేర్పుతాను. ఆ పాపానికి మా చుట్టాల ఇళ్లలో గీజరు పనిచేయకపోయినా నాకే ఫోన్ చేస్తారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వెళ్తే, చెయ్యి కడుక్కోగానే బావ నన్ను ముందుగదిలో ఉన్న షాపులోకి లాక్కెళ్లాడు. కంప్యూటర్ ఆన్ చేశాడు. తెర మీద మదర్‌బోర్డు కంపెనీవాళ్ల గుర్తు మెరిసింది.

"సూసావా? షాపు నాది, పెట్టె నాది. లేవగానే ఆళ్ల బొమ్మ ఎందుకు రావాల? నా ఫోటో రావాల."

"వాల్‌పేపర్ పెట్టుకో బావా."

"అది అందరూ పెట్టుకుంతారు. నాకు ఇదే కావాల."

అది అంత తేలిక కాదని చెప్పాను. ఆ బొమ్మ మదర్‌బోర్డు మీద చిన్న చిప్పులో ఉంటుంది. బటన్ నొక్కగానే విండోస్ కంటే ముందు లేచి, మిగతా భాగాలన్నిటినీ లేపే ప్రోగ్రాం కూడా ఆ చిప్పులోనే ఉంటుంది. దాన్నే బయోస్ అంటారు. బొమ్మ మార్చాలంటే ఆ ప్రోగ్రాం మొత్తాన్ని చెరిపి మళ్లీ రాయాలి. రాస్తుండగా కరెంటు పోతే పెట్టె ఇక లేవదు.

"లేవదంటే? విండోస్ మళ్లీ ఏయించేద్దుం."

"వేయడానికైనా అది లేవాలి కదా బావా!"

బావ సబ్‌స్టేషన్‌లో తెలిసినాయనకు ఫోన్ చేశాడు. మధ్యాహ్నం కరెంటు పోతుందా అని అడిగాడు. "తీగ మీదకి ఉడత ఎక్కితే పోతాది. ఉడత ఎక్కుతాదో లేదో నానేటి సెప్పగలను?" అన్నాడాయన.

"ఎక్కదులే," అని బావ తేల్చేశాడు.

నాకూ లోపల సరదాగానే ఉంది. పిల్లల కొబ్బరిచెట్లతో విసిగిపోయి ఉన్నాను. పాత బయోస్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసి దాచాను. దాని నకలులో కంపెనీ గుర్తు తీసేసి, తెల్లచొక్కాలో చేతులు కట్టుకుని నిలబడ్డ బావ ఫోటో ఇరికించాను. కొత్త బోర్డులైతే కంపెనీ రాసింది కాకపోతే ఒప్పుకోవు; ఇది పాతది కాబట్టి దానికి అభ్యంతరం లేకపోయింది.

రాయడం మొదలుపెట్టే ముందు బావ వాళ్లమ్మ, అంటే మా అక్క అత్తగారు, వచ్చి కుర్చీ వేసుకున్నారు. ఏ పనికైనా ప్రార్థన చేయకుండా ఆవిడ ఒప్పుకోరు. కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ పెట్టెకి ఏ ఆపదా రానీకు," అని మొదలుపెట్టి, భావనపాడులో ఉన్న తమ్ముడి పడవ మీదుగా శృంగవరపుకోట మనవరాలి పరీక్షల దాకా వెళ్లారు. అంతలో బావ ఆగలేక ఎంటర్ నొక్కేశాడు.

తెర మీద, ఎంతవరకు రాసిందో చూపే గీత మెల్లగా కదలసాగింది. సగం దాటింది. ఠక్కున ఫ్యాను ఆగిపోయింది.

కంప్యూటర్ మాత్రం యూపీఎస్ మీద నడుస్తూనే ఉంది. కానీ యూపీఎస్ ఆపకుండా కుయ్యోమని అరుస్తోంది. దాని మీదే లామినేషన్ మిషను కూడా వేడెక్కుతోందని అప్పుడు చూశాను.

"బావా, లామినేషన్ ప్లగ్గు పీకేయ్!"

బావ బల్ల కిందకు దూకాడు. పీకాడు. తెర నల్లబడింది. లామినేషన్ మిషను ఎర్రలైటు మాత్రం హాయిగా వెలుగుతోంది.

"ఆమెన్," అని అత్తగారు కళ్లు తెరిచారు. "అయిపోనాదా బాబూ?"

"అయిపోనాదమ్మా," అన్నాడు బావ బల్ల కిందనుంచి.

మర్నాడు బోర్డును విప్పి, పెళ్లికార్డులొచ్చే అట్టపెట్టెలో పెట్టుకుని ఇద్దరం విజయనగరం ప్యాసింజర్ ఎక్కాం. అక్కడ మొబైల్ రిపేరు షాపు నడిపే నా స్నేహితుడి దగ్గర, చిప్పును నేరుగా పట్టుకుని అందులో రాసే క్లిప్పు ఉంది. బావ పెట్టెను ఒళ్లో పెట్టుకుని, కుదుపు తగిలినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తుతున్నాడు. ఎదుటి సీట్లో పెద్దావిడ అది చూసి అడిగింది.

"ఏటి బాబూ, అందుల? కోడిపిల్లలేటి?"

"బోర్డమ్మా. నిన్న పేణం పోనాది."

"అయ్యో! మరి ఎక్కడికి తీసుకెళ్తన్నారు?"

"పేణం పోయించడానికి."

ఆవిడ చీర సర్దుకుని అవతలి సీట్లోకి మారిపోయింది.

నా స్నేహితుడు చిప్పుకు క్లిప్పు తగిలించి, ల్యాప్‌టాప్‌లో నా పెన్‌డ్రైవ్ తెరిచాడు. "పాతది రాసీనా, ఫోటో ఉన్నది రాసీనా?" అని అడిగాడు. పాతదే రాసెయ్యమని నేను నోరు తెరిచేలోపు బావ అందుకున్నాడు. "ఇంత దూరమొచ్చి పాతదేటి? ఫోటోయే రాసీ."

రాశాడు. అక్కడే ఒక మానిటర్ తగిలించి బోర్డును లేపితే, నిజంగానే లేచింది. బావ ఆనందంతో షాపులో ఉన్నవాళ్లందరికీ టీ చెప్పాడు. గొడవల్లా ఒక్కటే. ఫోటో రెప్పపాటులో వచ్చి పోతోంది. ఇంటికి తెచ్చి బిగించాక బావ అందరినీ వరసగా నిలబెట్టి ఆన్ చేశాడు. అత్తగారు కళ్లజోడు పెట్టుకునేలోపే ఫోటో పోయింది. మళ్లీ ఆన్ చేశాడు. ఈసారి ఆవిడ తుమ్మారు.

"సాల్లే. మీ బావ మొకం అంతకన్నా ఎక్కువసేపు ఎవరు సూడగలరు?" అంది మా అక్క నాతో.

బావ ముఖం చిన్నబోయింది. జాలేసి బయోస్ సెట్టింగుల్లో వెతికాను. మొదటి బొమ్మ ఎంతసేపు నిలవాలో చెప్పే ఆప్షన్ దొరికితే, అది ఎంత ఒప్పుకుంటే అంత పెంచేశాను.

ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చేస్తే బావ చేతులు కట్టుకుని చాలాసేపు అందరినీ చూస్తూ ఉంటాడు. ఎంత తొందరలో ఉన్నవాళ్లయినా ఆయన వెళ్లేదాకా ఆగాల్సిందే. మొన్న రేషన్ కార్డు జెరాక్సుకు వచ్చిన ఒక ముసలాయన తెరకేసి తేరిపార చూసి, చేతికర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు. తరవాత, ఎదురుగా కూర్చున్న బావనే అడిగాడు.

"ఈ బాబుది ఏ పార్టీ నాయనా?"