నాయనమ్మ బండికి చార్జింగు

వానలు మొదలైతే తుర్కయాంజాల్‌లో నేనుండే ఫ్లాటులో, ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టిన మూల నుంచి పులిసిన చింతపండుకూ తుప్పుపట్టిన మేకుకూ మధ్యరకం వాసన ఒకటి వస్తుంది. ఎదురు ఫ్లాటు ఆవిడ అగరుబత్తి వెలిగించమంటుంది. నాకు మాత్రం ఆ వాసన తగలగానే ఒక వీరగాథ గుర్తుకొస్తుంది. కొండలు దాటి, నదులు దాటి, కదలలేని ఒక తల్లిని ఆమె బిడ్డ గడప దగ్గరికి చేర్చిన గాథ. చెప్పబోయే ముందు నిజం ఒప్పుకోవడం మంచిది. దారిలో కొండలు లేవు. నది కూడా లేదు, ఒక కల్వర్టు ఉంది. ప్రయాణం ఇబ్రహీంపట్నం నుంచి మాల్ దాకా, సాగర్ రోడ్డు మీద, బస్సులో అయితే బస్టాండులో కొన్న పల్లీలు అయిపోయేలోపు దిగిపోయే దూరం.

అవి మా వైపు ఎకరాలను గజాల్లో కొలవడం మొదలైన రోజులు. నిన్నటిదాకా కందిచేను ఉన్నచోట సున్నం పూసిన రాళ్లు, రంగురంగుల జెండాలు, ఏ ఊరికీ దారి చూపని ఒక కమాను లేచేవి. రోడ్డు పక్క చెలక అమ్మినవాళ్లు పెద్ద జీపులు కొన్నారు, రెండంతస్తులు కట్టారు, కొందరు ఇంటి ముందు సింహాలు పెట్టించారు. మా బాపు మాత్రం సినిమా షూటింగుల్లో తిరిగి తిరిగి రిటైరైన ఒక మేకప్ బండి కొన్నాడు. లోపల మంచం, పంకా, టీవీ, వంట గట్టు, చుట్టూ బల్బులున్న నిలువెత్తు అద్దం, అద్దంలో ఎప్పటివో పౌడరు మరకలు. ఏ హీరోయిన్ కూర్చున్న కుర్చీ అని వాడకట్టంతా అడిగితే, అడిగినవాళ్లకు ఎవరంటే ఇష్టమో కనుక్కుని ఆ పేరే చెప్పేవాడు.

కొన్నది మాత్రం షోకుకు కాదు, నాయనమ్మ కోసం. వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగాక ఆమె పడుకోగలదు, పట్టుకుంటే నాలుగడుగులు వేయగలదు, కూర్చోవడం మాత్రం చేతకాదు. అంటే బస్సు లేదు, జీపు లేదు, ఆటో అసలే లేదు. ఆమెకున్న ఒక్కగానొక్క కూతురు, మా అత్త, మాల్‌లో ఉంటుంది. బర్రెలను వదిలి అత్త ఎక్కువ రాలేదు, తుంటిని వదిలి నాయనమ్మ అసలే పోలేదు. పోగలిగిన రోజుల్లోనైనా ఆమె ఏం ఉండేది గనక. బిడ్డ ఇంట్లో ఒక పూట తినాలి, పొద్దుగూకకముందే బయల్దేరాలి, అక్కడ పండుకోవద్దు అన్నది ఆ కాలపు పెద్దల పట్టింపు. మధ్యాహ్నం వెళ్లి, అత్త తలకు నూనె రాసి, పొలాల సంగతులు సగంలో ఆపేసి సాయంత్రం బస్సుకు వచ్చేసేది. ఆ మిగిలిన సగం సంగతులు ఏళ్ల తరబడి పోగుపడి ఉన్నాయని నా అనుమానం.

అత్త కొత్త ఇల్లు కట్టుకుంది. శ్రావణంలో గృహప్రవేశం. తల్లి లేకుండా గడప తొక్కనని అత్త అక్కడ, నన్ను ఎత్తుకుపోయైనా అక్కడ దించమని నాయనమ్మ ఇక్కడ భీష్మించుకున్నారు. అందుకే బండి.

బండి పశువుల కొట్టం పక్కన నిలబడింది. కొట్టంలోని ప్లగ్గు నుంచి నల్లటి లావు వైరు ఒకటి బర్రెల మీదుగా సాగి బండి పొట్టలోకి వెళ్లేది. వైరు పెట్టగానే లోపల ఒక చిన్న పచ్చ లైటు వెలిగేది. బాపు పొద్దున లేచి మొదట దాన్ని చూసి, తర్వాతే ముఖం కడుక్కునేవాడు. శ్రావణం దాకా వానల్లో మాకు ఆ బండే లోకం. ముసురు పట్టిన మధ్యాహ్నాలు, కొట్టంలోంచి పేడ వాసన, బండి పొట్టలోంచి బ్యాటరీ వాసన, వంట గట్టు మీద అమ్మ కాల్చిచ్చిన మక్క కంకులు, వాటి మీద ఉప్పూ కారం, బల్బుల అద్దం ముందు వాడకట్టు ఆడపిల్లలమంతా వంతులవారీగా హీరోయిన్లం. వంతు అయిపోయినా దిగని హీరోయిన్‌ను మంచం మీద పడుకున్న నాయనమ్మ కర్రతో పొడిచేది.

ఇంజను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, డీజిల్ దండగ అని బాపు ఆజ్ఞ. నడపకుండా ఉంటే బ్యాటరీ దిగిపోదా అని అమ్మ అడిగింది. బాపు పుట్టిందగ్గర నుంచి బోరు కింద మడులు తడిపినవాడు. కరెంటైనా నీళ్లయినా ఆయనకు ఒకటే లెక్క. "పై మడి నిండినంక కింది మడికి నీళ్లు రావా? గిది గూడ గంతే" అన్నాడు. అమ్మ ఇంకేం అనలేదు. పచ్చ లైటు కూడా అనలేదు.

గృహప్రవేశం నాడు తెల్లవారుతుండగా నాయనమ్మకు గంజి పెట్టిన తెల్లచీర కట్టి, బండిలో పడుకోబెట్టి, అత్తకు పెట్టే ఒడిబియ్యం మూట, సకినాల డబ్బా ఆమె కాళ్ల దగ్గర సర్దాక, బాపు వైరు పీకి, దేవుణ్ణి తలుచుకుని తాళం తిప్పాడు. బండి టక్కుమంది. మళ్లీ తిప్పితే ఆ టక్కు కూడా అనలేదు. లోపల పంకా మాత్రం గిర్రున తిరుగుతోంది, టీవీలో భక్తి పాట వస్తోంది. ఇల్లంతా నడుస్తోంది, బండి ఒక్కటే నడవడం లేదు. బాపు ముఖం చూసి అమ్మ ఇంట్లోకి వెళ్లి నవ్వుకుని వచ్చింది.

చివరికి మా ట్రాక్టరుకు మోకు కట్టి లాగారు. ఒక్కో గుంజుకు సకినాలు విరుగుతున్న చప్పుడు. లోపలి నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది: "నన్ను కాట్లకు తీస్కపోయే నాడన్న జర మెల్లగ తీస్కపోండ్రి."

బస్సు డిపో దాటాక ఇంజను అందుకుంది. ఇక ఆపితే ఖతమని, యాచారంలో చాయ్‌కి కూడా ఆగకుండా మాల్ చేరి, అత్త కొత్త గుమ్మం ముందు ఇంజను అలాగే ఉంచాడు బాపు. పొగంతా పూజలోకి పోయింది. రెండు మంత్రాలకు ఒకసారి దగ్గిన పంతులు, మూడోసారి దగ్గలేక, ఆ బండి ఆపితే తప్ప దేవతలు కూడా లోపలికి రారన్నాడు. బాపు ఆపాడు. దేవతలు వచ్చారు, నాయనమ్మ గడప దాటింది, పాలు పొంగాయి. సాయంత్రం నాయనమ్మను మళ్లీ ఎక్కించాక బండి టక్కుమంది.

పొద్దు గూకుతోంది. మా ట్రాక్టరు ఇబ్రహీంపట్నంలో ఉంది. మామ ట్రాక్టరు నాటు మడిలో దిగబడి ఉంది. అత్త బండి మెట్టు మీద కూర్చుని అడిగింది: "ఈ ఒక్క రాత్రి ఉండరాదే అవ్వా."

నాయనమ్మ బండి పైకప్పు వైపు చూసింది. "బిడ్డ ఇంట్ల పండుకుంటే ఊరు ఏమంటది" అంది. మళ్లీ చూసింది. "అయినా నేను నీ ఇంట్ల ఏడున్ననే? నా బండ్ల నేనున్న. బండి కదలకుంటే నేనేం జెయ్యాలె."

అత్త లేచి, కొత్త ఇంటి కిటికీలోంచి వైరు లాగి బండికి పెట్టింది.

మర్నాడు బండి అమ్మినతనికి ఫోన్ చేస్తే సంగతి తెలిసింది. "రెండు బ్యాటరీలు ఉంటయంట బావా. మనం నింపింది పంకాది. ఇంజనుది వేరేనట" అన్నాడు బాపు. "పంక తోటి నడుపుదామనుకున్నవా బామ్మర్ది" అని మామ ఇంజను బ్యాటరీ విప్పి చార్జింగు షాపులో ఇచ్చాడు. నాయనమ్మను బండిలోనే ఉంచి మేమంతా బస్సెక్కి వచ్చేశాం.

ఆదివారం బాపూ నేనూ మళ్లీ వెళ్లేసరికి బ్యాటరీ నిండి, బిగించి ఉంది. తాళం తిప్పితే బండి మొదటి దెబ్బకే అందుకుంది. లోపల అత్త ఒళ్లో నాయనమ్మ తల, ఆ తలకు నూనె. కింద అత్త పక్క పరిచి ఉంది. రాత్రిళ్లు అక్కడే పడుకుంటున్నట్టుంది.

"నిండింది అవ్వా, పోదమా" అన్నాడు బాపు.

"నిండిందంటవ్. ఆనాడు గూడ గట్లనే అన్నవ్. ఇంకో వారం నిండనియ్."

ఇంజను దడదడలాడుతూనే ఉంది. అత్త చేతిలోకి ఇంకాస్త నూనె వంచుకుంది. బాపు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "అవ్. ఇంక నిండనట్టే ఉన్నది" అన్నాడు.

తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. నాయనమ్మ బ్యాటరీ దసరా దాకా నిండలేదు. తర్వాతి వానాకాలాలు కూడా అక్కడే నింపుకుంది. కిటికీలోంచి వైరు లాగితే దోమలు వస్తున్నాయని మామ బయటి గోడకే ఒక పెద్ద ప్లగ్గు బిగించాడు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. బండి తుక్కుగూడ అవతల ఎవరో టిఫిన్ల కోసం కొన్నారని విన్నాం, తర్వాత అదీ వినలేదు. మా కొట్టం, మడులు, కందిచేలు గజాల్లోకి పోయాయి. కమాను మాత్రం ఉంది. సకినాలు ప్యాకెట్లలో వస్తున్నాయి, విరగకుండా. అత్త ఇల్లు అలాగే ఉంది, గోడకు ప్లగ్గూ ఉంది. రంగు వేసేవాళ్లు తీసేస్తామంటే అత్త వద్దంది. అత్త కొడుకు దానికి కరెంటు స్కూటర్ పెడతాడు. మొన్న వానలో వెళ్లినప్పుడు నేను చెయ్యి పెడితే జిల్లుమంది. దానికి ఎర్తింగ్ లేదు. పెట్టించాలి.