టీచరమ్మ ‘మల్ల’ అన్నప్పుడు

మా పై వాటాలో ఉండే అమ్మాయి ఈమధ్య వేణువు నేర్చుకుంటోంది. సాయంత్రం నేను చేట ముందేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంటే, మెట్ల మీదుగా ఆ శబ్దం దిగివస్తుంది. స, రి, గ వరకు బాగానే నడుస్తుంది. మ దగ్గరికి వచ్చేసరికి కీచుమని జారిపోతుంది. నిజం చెప్పొద్దూ, అది జారినప్పుడల్లా నాకు లోపల చల్లగా ఉంటుంది. ఇంత వయసొచ్చి, బడికెళ్ళే పిల్ల స్వరం తప్పితే సంతోషమేమిటని మీరు అడగవచ్చు. నా స్వభావమే అంత. “నీ విస్తట్లో గారెలున్నా పక్క విస్తట్లో బూరె మీదే నీ కన్ను” అని మా అమ్మ చిన్నప్పుడే తేల్చేసింది. అయితే ఆ మ జారినప్పుడు మాత్రం నా వేళ్ళు చిక్కుడుకాయ వదిలేసి చేట అంచు మీద వాటంతటవే కదులుతాయి. అప్పుడు టీచరమ్మ గుర్తుకొస్తుంది.

తెలంగాణ రాష్ట్రం రావడానికి కొన్నేళ్ళ ముందు మాట. మా ఆయనకి ఉప్పల్ దగ్గర ప్రభుత్వ పరిశోధనశాలలో ఉద్యోగం రావడంతో కాకినాడ నుంచి వచ్చి నాచారంలో అద్దెకు దిగాం. గాలి ఇటు తిరిగితే బిస్కెట్ల కమ్మదనం, అటు తిరిగితే మందుల ఫ్యాక్టరీ ఘాటు. కింద వాటాలో పద్మ ఉండేది. జనగామ వైపు పిల్ల, మాత్రల ప్యాకింగులో షిఫ్టు పని. నాకంటే చిన్నది, నన్ను వదినా అని పిలిచేది. వెనక సందులో సొంతింట్లో టీచరమ్మ. అసలు పేరు అంజమ్మ. వరంగల్ వైపు సర్కారు బడిలో పనిచేసి రిటైరై ఒక్కతే ఉండేది. వాళ్ళ నాన్న భజన మండలిలో వేణువు ఊదేవాడట, ఆయన దగ్గర అబ్బిన విద్య. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, నేర్చుకుంటామన్న వాళ్ళకల్లా నేర్పేది. ఆడవాళ్ళు వేణువు ఊదడమేమిటని ఎవరైనా నవ్వితే, “నోరున్నది, ఊపిరున్నది, ఇంకేం గావాలె?” అనేది. మా పుట్టింట్లో అన్నయ్యకి వయొలిన్ చెప్పించారు, నాకు కుట్లూ అల్లికలూ చెప్పించారు. ఆ మంట చల్లారక నేనూ వెళ్ళి ఆ అరుగు మీద కూర్చున్నాను. పద్మ నాకు తోడుగా వచ్చింది. తోడుగా! అదీ నా ఖర్మ.

నా వేణువు మొదట్లో పలకనే లేదు. ఊది ఊది కళ్ళు తిరిగి గోడకి చేరబడితే, టీచరమ్మ నా వీపు నిమిరేది. “పెదవులు గట్ల బిగియ్యకు బిడ్డా. వేడి చాయ ఊదుకుంటం సూడు, గట్ల ఊదు” అనేది. పక్కన పద్మ షిఫ్టు దిగి నిద్రకళ్ళతో వచ్చి, ఊరికే పెదవికి ఆనించిందో లేదో, వేణువు పలికింది. “అరే! మస్తు పలికింది బిడ్డా!” అని టీచరమ్మ చప్పట్లు కొట్టింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పద్మ నా చెయ్యి పట్టుకుని, “నీది గూడ వస్తది వదినా, ఫికర్ జెయ్యకు” అంది. ఆ జాలి మాటకి ఇంకా మండింది.

నాకూ శబ్దం వచ్చింది, స్వరాలూ మొదలయ్యాయి. గ నుంచి మ కి వెళ్ళేటప్పుడు అప్పటిదాకా లేచి ఉన్న వేళ్ళు దాదాపు అన్నీ ఒక్క ఉదుటున రంధ్రాల మీద పడాలి. అక్కడే జారేది. జారగానే టీచరమ్మ చెయ్యెత్తి, “మల్ల” అనేది. మళ్ళీ ఊదేదాన్ని. “మల్ల, సీతా” అనేది. మళ్ళీ ఊదేదాన్ని. ఆవిడ నా వంక ఒకలా చూసి, పద్మ వైపు తిరిగి కొత్త పాట మొదలుపెట్టేది. పద్మకి జోలపాట వచ్చింది, బతుకమ్మ పాట వచ్చింది, పెళ్ళిపాట వచ్చింది. నేను మాత్రం ఆ సరిగమ దగ్గరే. గానుగెద్దుకి కూడా సాయంత్రానికి విడుపు ఉంటుంది, నాకు లేదు. కూరగాయల బండి దగ్గర కూడా మావాళ్ళు, మీవాళ్ళు అనే మాటలు వినిపించే రోజులవి. ఈవిడకి తనవాళ్ళ పిల్ల ముద్దు, ఆంధ్రా నుంచి వచ్చినదాన్ని నేనెందుకు ముద్దవుతాను అనుకున్నాను. “అంత బాధైతే మానెయ్యరాదూ” అన్నారు మా ఆయన. మానేస్తే పద్మ ఒక్కతే నేర్చుకోదూ! అది చూస్తూ ఊరుకోవడం నా వల్ల అయ్యే పనేనా? అదే పంతంతో డాబా మీద కూర్చుని, ఆయన కిటికీ మూసుకునేదాకా ఆ ఒక్క వరసే ఊదేదాన్ని.

వినాయక చవితి దగ్గరపడింది. కాలనీ మండపంలో మొదటి పాట ఒక్కరే ఊదాలని టీచరమ్మ చెప్పింది. ఆ ఒక్కరూ నేనే కావాలని ఎంత కోరుకున్నానో ఆ దేవుడికే తెలుసు. టీచరమ్మ నోట ‘మస్తు’ అనే మాట ఒక్కసారి నాకోసం వినాలి. అంతకుమించి ఏమీ అక్కర్లేదు. కట్టుకోవాల్సిన చీర కూడా ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. ఆ సాయంత్రం టీచరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి, “మొదలు పద్మ ఊదుతది” అంది.

“మరి నేనోనండీ?” అన్నాను.

“నీది మల్ల, బిడ్డా.”

నేను వేణువు ఎత్తి సరిగమ మొదలుపెట్టాను. ఇద్దరూ తెల్లబోయి చూశారు.

“ఏంది సీతా, గిప్పుడెందుకు ఊదుతున్నవ్?”

ఇంక ఆగలేదు నా ఏడుపు. “మీరే కదండీ మళ్ళీ అన్నారు! ఎప్పుడూ ఇంతే. దానికి కొత్త పాటలు, నాకేమో మళ్ళీ, మళ్ళీ! నేను మీ మనిషిని కాదనేగా?”

ముందు పద్మే పకపకా నవ్వింది. “అయ్యో వదినా! మల్ల అంటే తర్వాత అన్నట్టు. ఇయ్యాలకు సాలు, మల్ల జూద్దాం అంటున్నది టీచరమ్మ.”

టీచరమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “ఓయమ్మో! ఊపిరి అలిసిందని ఆపుతుంటి గదనే నిన్ను. నువ్వేమో ఆగకపోతివి. ఏం పట్టు పట్టింది ఈ పిల్ల అనుకున్న.”

“అయితే గట్టిగా చెప్పి ఆపొచ్చు కదండీ?”

“ఎట్ల ఆపుత?” అని ఆవిడ తన వేణువుని కొంగుతో తుడుస్తూ కూర్చుంది. “ఒక మాట జెప్పనా? నిన్ను జూస్తే నాకు కుళ్ళు పుట్టింది. ఆ మ మీద ఇంకొంచెం సేపు కూసోమని మా నాయన అంటే, కొత్త పాట గావాలని ఏడ్సినదాన్ని నేను. గిప్పటికీ నా మ జారుతది. మీకు తెల్వకుంట పాట నడుమ దాసుకుంట. నీది జారుతలేదు సూస్కో, ఎన్నడో ఆగింది.”

అది నేను గమనించనే లేదు. నా కళ్ళెప్పుడూ పద్మ వేళ్ళ మీదే ఉండేవి. నన్ను చూసి ఒక మనిషి కుళ్ళుకోవడం నా జన్మలో అదే మొదటిసారి.

మండపంలో పద్మ పాటకి చప్పట్లు మారుమోగాయి. బాగానే ఊదిందిలెండి, ఏం చేస్తాం! తర్వాత నేను, ఆ నాలుగు రోజుల్లో టీచరమ్మ నేర్పిన చిన్న భజన ఊదాను. మ వచ్చిన ప్రతిచోటా ముందు వరసలో టీచరమ్మ పెదవి కొరుక్కోవడం నేను చూశాను. అది నాకు చప్పట్ల కంటే తియ్యగా ఉంది.

రాష్ట్రం వచ్చిన ఏడు టీచరమ్మ ఇంటికి తాళం వేసి వరంగల్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఉప్పల్‌లో బస్సెక్కించడానికి నేనూ పద్మా వెళ్ళాం. బస్సు కదిలే ముందు ఆవిడ సంచిలోంచి తన వేణువు తీసి పద్మ చేతిలో పెట్టింది. నా కళ్ళెదుటే!

“మరి నాకో?” అన్నాను, సిగ్గు కూడా లేకుండా.

“నీకు మల్ల” అంది నవ్వుతూ.

తర్వాత ఏమైనా ఇస్తానందో, మళ్ళీ ఊదుకోమందో, బస్సు వెళ్ళిపోయాక అడగడానికి మనిషి లేదు. మరుసటి ఏడు ఆవిడ పోయిందని కబురొచ్చింది. ఆ వేణువు ఇప్పటికీ పద్మ ఇంట్లో గోడకి వేలాడుతోంది. వెళ్ళినప్పుడల్లా చూస్తాను, చూసినప్పుడల్లా కుళ్ళుకుంటాను.

నిన్న ఉండబట్టలేక పై వాటాకి వెళ్ళాను. ఆ అమ్మాయి మంచం మీద కూర్చుని ఊదుతోంది. గ నుంచి మ కి వెళ్ళబోయి జారింది. టీచరమ్మ మాట నా నోట్లోకి ఎలా వచ్చిందో, “మల్ల” అన్నాను. ఆ పిల్ల టక్కున వేణువు పక్కన పెట్టేసి, “మల్లనా ఆంటీ? సరే, మల్ల ఊదుత!” అంటూ ఆటకి పరుగెత్తింది. ఒక్కదాన్నే నవ్వుకున్నాను, కళ్ళు కూడా తుడుచుకున్నాను. ఆ మంచం అంచున కూర్చుని వేణువు అందుకున్నాను. స, రి, గ, మ. ఎక్కడున్నా సరే, టీచరమ్మకి కుళ్ళు పుట్టేలా ఊదాను.